పెట్రోల్ బోటులో తలనొప్పి, వాంతి: ఆ అలారం ఊరికే మోగలేదు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. లోపల పెట్రోల్ ఇంజన్ ఉన్న క్యాబిన్ బోటు అద్దెకు తీసుకున్నారు. మధ్యాహ్నం లంగరేసి ఆగారు, ఏసీ కోసం జనరేటర్ నడుస్తూనే ఉంది. పిల్లలిద్దరూ వెనక ఈత పలక (ఈతకు దిగడానికి నీటికి కాస్త పైన ఉండే అరుగు) మీద కూర్చుని నీళ్లలో కాళ్లాడించారు. గంట తిరక్కుండా పెద్దాడికి తలనొప్పి, చిన్నదానికి వాంతి. సాయంత్రం తిరిగొస్తుంటే క్యాబిన్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. ఇంజన్ పొగలో ఉండే, రంగూ వాసనా లేని విషవాయువు అది. బోటు ఇచ్చినాయనకు ఫోన్ చేస్తే, "అది ఊరికే మోగుతుంటుందండీ, బ్యాటరీ పీకెయ్యండి" అన్నాడు. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి కదా, ఆరుబయట గాలిలో కార్బన్ మోనాక్సైడ్ ఎలా చేరుతుంది అన్నది మీ సందేహం.

అలారం సరిగ్గానే మోగింది. బ్యాటరీ పీకమన్న ఆయనదే తప్పు. ఇంకో మాట, వినడానికి బాగోదు కానీ చెప్పక తప్పదు: ఆ రోజు మీ పిల్లలు క్యాబిన్‌లో కంటే ఆ పలక మీదే ఎక్కువ ప్రమాదంలో ఉన్నారు. 22 ఏళ్లుగా బోటు ఇంజన్లు విప్పి బిగించడమే నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లు అందరూ క్యాబిన్ గురించే భయపడతారు. వెనక వైపు సంగతి అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "బయటే ఉన్నాం కదా" అనే ధీమా బోటు మీద చెల్లదు.

ముందు పిల్లల సంగతి. ఈ గ్యాస్ రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మామూలు గాలి పీల్చుకుంటూ కూర్చుంటే రక్తంలో చేరినదాంట్లో సగం పోవడానికే 4 నుంచి 5 గంటలు పడుతుంది. మీ పెద్దాడి తలనొప్పి రాత్రి దాకా తగ్గలేదన్నారు, కారణం అదే. అంటే ఒక గంట పీల్చి, కాసేపు ఈదొచ్చి, మళ్లీ అదే చోట కూర్చుంటే రెండో విడత మొదటి దాని మీద పేరుకుంటుంది. పిల్లలు పెద్దవాళ్లకంటే వేగంగా ఊపిరి తీస్తారు, అందుకే వాళ్లకే ముందు తగిలింది. ఇప్పుడు బాగానే ఉన్నారంటే సంతోషం. కానీ గట్టిగా తగిలినవాళ్లలో కొందరికి కొన్ని రోజులకో, కొన్ని వారాలకో మతిమరుపు, చిరాకు, నడకలో తూలడం లాంటివి బయటపడతాయి. పిల్లల్లో అలాంటి మార్పు ఏది కనిపించినా డాక్టరుకు ఈ బోటు కథ మొత్తం చెప్పండి. మీరు చెప్పకపోతే ఆయనకు ఆ ఆలోచన తట్టే అవకాశం తక్కువ.

ఇక ఆరుబయట ఎలా చేరిందంటారా. పొగలోని విషవాయువులను తగ్గించే పరికరం, అంటే కెటలిటిక్ కన్వర్టర్, లేని పెట్రోల్ ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ 1 శాతం నుంచి 10 శాతం దాకా ఉండొచ్చు. 1 శాతం అంటే 10,000 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 10,000 భాగాలు). ఇప్పుడు దీని పక్కన ఈ లెక్కలు పెట్టి చూడండి: 400 పీపీఎం గాలిలో గంటా రెండు గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. 1,600 దగ్గర 20 నిమిషాల్లోనే తలనొప్పి, తల తిరగడం, వికారం. 6,400 దగ్గర 10, 15 నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. 12,800 దగ్గరైతే లెక్క 1 నుంచి 3 నిమిషాలే. పొగ పదింతలు పలచబడినా మనిషిని పడగొట్టే స్థాయిలోనే ఉందన్నమాట.

బోటు పొగ గొట్టం ఎక్కడ తెరుచుకుంటుందో చూశారా? వెనక, నీటి మట్టానికి ఆనుకుని. దాని మీదే ఈత పలక. పలక కింద, బోటు వెనక గోడకూ నీటికీ మధ్య ఒక గూడు లాంటి ఖాళీ ఏర్పడుతుంది. బోటు ఆగి ఉన్నప్పుడు జనరేటర్ పొగంతా ఆ గూట్లోకే వస్తుంది, గాలి తగలదు, కదలదు. పిల్లలు పలక అంచున కూర్చుంటే వాళ్ల ముక్కుకీ ఆ గూటికీ మధ్య దూరం రెండు మూడు అడుగులే. నీళ్లలోకి దిగి పలక పట్టుకుని వేలాడితే అదీ లేదు.

ఇది నేను ఊహించి చెప్తున్నది కాదు. అమెరికాలో ఆరిజోనా, యూటా రాష్ట్రాల సరిహద్దులో లేక్ పావెల్ అనే పెద్ద జలాశయం ఉంది. 2000 ఆగస్టులో అక్కడ ఒక హౌస్‌బోటు వెనక ఈదుతున్న ఇద్దరు అన్నదమ్ములు చనిపోయారు, ఒకడికి 11 ఏళ్లు, ఇంకొకడికి 8. జనరేటర్ పొగ పలక కింద గూట్లోకి వదిలేలా కట్టిన బోటు అది. వృత్తి భద్రత మీద పరిశోధించే ఎన్‌ఐఓఎస్‌హెచ్ వాళ్లు అలాంటి బోట్ల పలక కింద గాలి కొలిస్తే 30,000 పీపీఎం దాకా వచ్చింది. పాత రికార్డులు తిరగేస్తే 1990 నుంచి 2000 వరకు ఆ ఒక్క జలాశయంలోనే 111 మంది ఈ గ్యాస్ బారిన పడినట్టు తేలింది. వాళ్లలో 74 మంది హౌస్‌బోట్ల మీద ఉన్నవాళ్లు, ఆ 74 మందిలో 64 మందికి తగిలింది అచ్చంగా జనరేటర్ పొగే. వెనక నీళ్లలో స్పృహ తప్పినవాడు మునిగిపోతాడు, చూసినవాళ్లు ఈత రాక పోయాడనుకుంటారు. రక్తం పరీక్ష చేస్తే తప్ప అసలు కారణం తెలియదు.

అందుకని మొదటి నియమం ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే: ఇంజన్ గానీ జనరేటర్ గానీ నడుస్తుంటే వెనక పలక మీద ఎవరూ ఉండకూడదు, వెనక నీళ్లలో ఎవరూ ఉండకూడదు. ఈత కొట్టాలంటే రెండూ ఆపి, పదిహేను నిమిషాలు గాలి ఆడనిచ్చి, అప్పుడు దింపండి. ఏసీ లేకపోతే ఉక్కపోతగా ఉంటుందంటే, ఉండనీండి. బ్యాటరీ ఛార్జింగ్ కోసం ఇంజన్‌ను నిలిపి ఉంచి ఊరికే తిప్పడం కూడా ఇదే లెక్క. చల్లటి ఇంజన్ మొదటి కొన్ని నిమిషాలు పెట్రోల్ ఎక్కువ తాగి అరకొరగా మండిస్తుంది కాబట్టి అప్పుడు ఈ గ్యాస్ ఇంకా ఎక్కువ. పలక పట్టుకుని కదిలే బోటు వెనక అల మీద జారే ఆట ఒకటుంది. దాన్ని కాలిఫోర్నియా 2004లో చట్టం చేసి 2005 నుంచే నిషేధించింది. ముఖం నేరుగా పొగ గొట్టం ముందు పెట్టి ఆడే ఆట అది, పైగా లైఫ్ జాకెట్ అడ్డమని తీసేసి ఆడతారు. మీ పిల్లలు ఏ వీడియోలోనో చూసి అడుగుతారు, ముందే కాదనండి.

బోటు కదులుతున్నప్పుడు పొగ వెనక్కే పోతుంది కదా అనిపిస్తుంది. పోదు. నిలువుగా ఉన్న క్యాబిన్ గోడ గాలిని చీల్చుకుంటూ ముందుకు పోతుంటే దాని వెనకాల గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఆ ఖాళీని నింపడానికి వెనక నుంచి గాలి సుడి తిరిగి లోపలికొస్తుంది, పొగను వెంటబెట్టుకుని. మీరు తిరిగొచ్చేటప్పుడు అలారం మోగింది ఇందుకే అని నా అనుమానం. ఎండ పడుతోందని ముందు, పక్కల గుడ్డ తెరలు దించి, వెనక మాత్రం తెరిచి ఉంచామని రాశారు. అది అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. గుడ్డ గుడారానికి ఒక్క వెనక నోరే ఉంటే అది పొగను పీల్చే సంచీ అవుతుంది. దానికి తోడు వెనక సామాను బరువు ఎక్కువై బోటు మూతి పైకి లేచినా, గాలి వెనక నుంచి వీస్తున్నా, ఆ గాలి వేగం మీ బోటు వేగం దాదాపు ఒకటే అయినా పొగ మీతోపాటే ప్రయాణం చేస్తుంది.

నేను కొత్త బోటు ఏది చూసినా చేసే చిన్న పని ఒకటుంది, మీరూ చేయొచ్చు. ఎర్ర ఉన్ని దారం అడుగు పొడవు ముక్కలు నాలుగు తీసుకోండి. రెండు వెనక అంచు మీద కమ్మీకి, ఒకటి వెనక సీటు తల దగ్గర, ఒకటి క్యాబిన్ తలుపు పైన కట్టండి. తెరలు మీరు మామూలుగా వాడేట్టే పెట్టి నెమ్మదిగా పోనివ్వండి. దారాల కొసలన్నీ వెనక్కి, నీళ్ల వైపు ఎగరాలి. చాలా బోట్లలో ఏం జరుగుతుందంటే, కమ్మీ మీది దారం వెనక్కి ఎగురుతూ ఎగురుతూ ఒక్కసారి నిటారుగా లేచి, గిర్రున తిరిగి, కొస మీ మొహం వైపు పెడుతుంది. తలుపు మీది దారం క్యాబిన్‌లోకి వాలిపోతుంది. అది చూశాక ఎవరికీ నేను వేరే వివరించాల్సిన పని పడలేదు. అప్పుడు ముందు వైపు పైమూత ఒకటి తెరవండి, ముందు గాజు తలుపు తెరవండి. దారాలు తిన్నగా వెనక్కి తిరుగుతాయి. గాలి ముందు నుంచి దూరి వెనక నుంచి పోవాలి, సూత్రం అంతే. వెనక కిటికీలు మాత్రమే తెరిస్తే మేలు కంటే కీడెక్కువ. పెట్రోల్ బోటు కాబట్టి దీనికి అగరుబత్తి పొగ లాంటివి వాడకండి, దారమే చాలు.

ఆగి ఉన్నప్పుడు ఇంకో చిక్కు, అది మీ పొగ కాకపోవచ్చు. రేవులో పక్కపక్కనే కట్టిన బోట్లలో ఎవరిదో జనరేటర్ నడుస్తుంటే వాళ్ల గొట్టం మీ కిటికీలోకి ఉండొచ్చు. మీది డీజిలే అయినా, ఎలక్ట్రికే అయినా పక్కవాడిది కాదు కదా. నడుస్తున్న ఏ ఇంజన్‌కైనా కనీసం 20 అడుగుల దూరం ఉంచమని భద్రతా సూచనల్లో ఉంటుంది. రాత్రి నిద్రపోయే చోటైతే నేను ఆ దూరం కూడా చాలదంటాను, లేచి వెళ్లి ఆపమని అడుగుతాను.

ఇక ఇంజన్ గది. బోటులో పొగ చల్లబడడానికి నీళ్లు కలిపి బయటికి పంపుతారు. అందుకే గొట్టంలోంచి పొగా నీళ్లూ కలిసి ఉమ్మినట్టు పడుతుంటాయి. ఆ నీళ్లు వేడిని, చప్పుడును తగ్గిస్తాయి, పొగ కంటికి పెద్దగా కనబడకుండా చేస్తాయి. కార్బన్ మోనాక్సైడ్ మాత్రం ఆ నీళ్లలో కరిగిపోదు. కాబట్టి పొగ కనబడలేదు, వాసన రాలేదు అన్నది లెక్కలోకి రాదు.

ఒకసారి ఒక జంట వచ్చారు. బోటు ఎక్కిన ప్రతిసారీ ఆవిడకు తలనొప్పి, ఆయనకు ఏమీ లేదు. ఆయన స్టీరింగ్ దగ్గర పైన ఉంటాడు, ఆవిడ కింద మంచం మీద నడుం వాలుస్తుంది. సముద్రం పడదేమోనని మందులు కూడా వాడారు. ఇంజన్ గది తెరిచి చూస్తే పొగ తీసుకెళ్లే రబ్బరు గొట్టం పైనుంచి కొత్తదానిలా నిగనిగలాడుతోంది. కింద భాగం కంటికి అందదు, ఇంజన్ పూర్తిగా చల్లారాక వేళ్లు పోనిచ్చి తడిమాను. ఒక చోట రబ్బరు గట్టిపడి, అట్ట ముక్కలా పెళుసుగా తగిలింది, దాని మధ్య బొటనవేలి గోరంత చీలిక. చెయ్యి బయటికి తీస్తే వేళ్ల కొసలకు మసి. ఆ ముందు సీజన్‌లో నీళ్ల పంపులోని రబ్బరు రెక్కల చక్రం అరిగి, ఇంజన్ వేడెక్కి, నీళ్లు రాక ఆ గొట్టం కాలింది. పంపు బాగు చేసినవాళ్లు గొట్టం సంగతి చూడలేదు. ఇంజన్ గదికీ ఆవిడ మంచానికీ మధ్య గోడలో వైర్లు పోవడానికి పెట్టిన రంధ్రం ఉంది, అందులో నాలుగు వైర్లు వెళ్లాక కూడా రెండు వేళ్లు దూరేంత ఖాళీ మిగిలింది. గొట్టం మార్చి, రంధ్రం మూశాం. ఆవిడకు సముద్రం పడింది.

అందుకని ఏడాదికోసారి మెకానిక్ చేత ఇవి చూపించండి: ఇంజన్ నుంచి పొగ, నీళ్లు కలిసే ఇనుప వంపు తుప్పు పట్టిందేమో, గాస్కెట్ (అతుకులో పెట్టే సీలు) దగ్గర మసి చార గానీ తెల్లటి ఉప్పు చార గానీ ఉందేమో, గొట్టం ప్రతి కొసకూ రెండేసి స్టీల్ క్లాంపులు ఉన్నాయో లేదో, ఇంజన్ గది గోడల్లో వైర్లు, పైపుల చుట్టూ సందులు మూశారో లేదో. ఇంజన్ ఒక్కసారి వేడెక్కినా ఆ గొట్టాన్ని అనుమానించాలి. స్టార్ట్ చేసే ముందు నాలుగు నిమిషాలు బ్లోయర్ (ఇంజన్ గది గాలిని బయటికి తోసే ఫ్యాన్) వేయమంటారు చూశారా, అది పెట్రోల్ ఆవిరి పోవడానికి, పేలుడు జరగకుండా. దాన్ని కార్బన్ మోనాక్సైడ్‌కు మందనుకోవద్దు.

ఇప్పుడు అలారం. ఇది ఒక గీత దాటగానే మోగే గంట కాదు. గ్యాస్ మోతాదును, సమయాన్ని కలిపి లెక్కగడుతుంది. అమెరికా ప్రమాణం యూఎల్ 2034 ప్రకారం 70 పీపీఎం ఉంటే 1 నుంచి 4 గంటల మధ్య, 150 ఉంటే 10 నుంచి 50 నిమిషాల మధ్య, 400 ఉంటే 4 నుంచి 15 నిమిషాల మధ్య మోగాలి. మీది మోగిందంటే అప్పటికే కొంతసేపటిగా లోపల గ్యాస్ ఉందని. తలుపు తెరవగానే ఆగిపోయింది కాబట్టి అది ఉత్తుత్తిదే అని బోటు ఇచ్చినాయన అన్నాడు. తలుపు తెరిస్తే గ్యాస్ తగ్గింది, అందుకే ఆగింది.

నిజంగానే పొరపాటున మోగే సందర్భం ఒకటుంది, న్యాయంగా అదీ చెప్పాలి. సీసం బ్యాటరీలు అతిగా ఛార్జ్ అయితే హైడ్రోజన్ వదులుతాయి, కొన్ని సెన్సర్లు దాన్నే కార్బన్ మోనాక్సైడ్ అనుకుంటాయి. రేవులో అన్ని ఇంజన్లూ ఆగి, ఛార్జర్ మాత్రమే పెట్టి ఉన్నప్పుడు మోగితే అటు చూడండి. కానీ ముందు మనుషులందరినీ బయటికి పంపి, ఆ తర్వాత చూడండి. హైడ్రోజనైనా మంచి చుట్టమేమీ కాదు, పేలుతుంది.

ఇంట్లో వాడేది తెచ్చి బోటులో పెట్టకండి. తడి, అదురు, ఎండ తట్టుకునేలా బోట్ల కోసమే పరీక్షించినవి వేరే ఉంటాయి, వాటి మీదే రాసి ఉంటుంది. మనుషులు పడుకునే ప్రతి చోటా ఒకటి, తల ఉండే ఎత్తుకు దగ్గరగా, కర్టెన్ వెనకో కిటికీ పక్కనో కాకుండా. ఈ గ్యాస్ గాలితో దాదాపు సమాన బరువు, నేల మీదే పరుచుకుంటుందన్నది అపోహ. అది వంటగ్యాస్ లక్షణం, దానికి వేరే అలారం కావాలి. టెస్ట్ బటన్ నొక్కితే కూత వచ్చిందంటే కూత పనిచేస్తోందని మాత్రమే, లోపలి సెన్సర్ సంగతి అది చాలావరకు చెప్పదు. సెన్సర్‌కు ఆయుష్షు ఉంటుంది, తయారీని బట్టి 5 నుంచి 10 ఏళ్లు, గడువు తేదీ వెనక అట్ట మీద ఉంటుంది. కొన్ని చోట్ల ఇది చట్టం కూడా: బ్రిటన్‌లో లోతట్టు జలమార్గాల బోటు భద్రతా పథకం 2019 ఏప్రిల్ నుంచి క్యాబిన్ బోట్లకు తప్పనిసరి చేసింది. అమెరికాలోని మినసోటా రాష్ట్రంలో మూసి ఉండే గది ఉన్న మోటారు బోట్లకు 2018 మే నుంచే ఉంది.

క్యాబిన్‌లో పెట్టిన అలారం వెనక పలక మీది గాలిని చూడలేదన్నది గుర్తుంచుకోండి. మీ పిల్లలకు తగిలినప్పుడు అది మోగలేదు కదా.

మళ్లీ ఎప్పుడైనా ఇలా జరిగితే. ఒకే బోటులో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, మత్తు వచ్చాయంటే ఎండదెబ్బ అనో, తిన్నది పడలేదనో, తాగినది ఎక్కువైందనో అనుకోకముందు ఇదే అనుకోండి. ఇంజన్, జనరేటర్ ఆపండి. అందరినీ గాలి వచ్చే దిక్కుకు, బోటు ముందు వైపుకు తీసుకెళ్లండి. నీళ్లలో ఉన్నవాళ్లను ముందు లెక్కపెట్టండి. ఆక్సిజన్ ఉంటే బిగుతైన మాస్కుతో పెట్టండి, దాంతో రక్తంలోని గ్యాస్ సగం పోయే సమయం గంటా గంటన్నరకు దిగుతుంది. ఊపిరి ఆగితే సీపీఆర్, రేడియోలోనో ఫోన్‌లోనో సాయానికి పిలుపు. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్‌ను నమ్మకండి. అది ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కూ ఈ గ్యాస్ పట్టుకున్నదానికీ తేడా తెలియక 98, 99 చూపిస్తుంది, మనిషి మాత్రం పడిపోతుంటాడు. ఆసుపత్రిలో కార్బాక్సీహిమోగ్లోబిన్ రక్త పరీక్ష అని పేరు పెట్టి అడగండి, రక్తంలో ఈ గ్యాస్ ఎంత చేరిందో చెప్పేది అదే. గర్భిణి ఉంటే ఒంట్లో ఏమీ బాధ లేదన్నా తీసుకెళ్లాలి, కడుపులో బిడ్డకు తల్లికంటే ఎక్కువ తగులుతుంది, ఆలస్యంగా దిగుతుంది.

క్యాబిన్‌లో గ్యాస్ పొయ్యితో గది వెచ్చబెట్టుకోవడం, బొగ్గుల కుంపటి లోపలికి తేవడం, చేత్తో మోసే జనరేటర్‌ను డెక్ మీద పెట్టి నడపడం, ఈ మూడూ ఎప్పుడూ వద్దు.

డీజిల్ బోటు తీసుకుంటే సరిపోతుందా అని చివర్లో అడిగారు. డీజిల్ పొగలో ఈ గ్యాస్ చాలా తక్కువ, కాబట్టి మెరుగే, కానీ సున్నా కాదు. డీజిల్ బోటులో కూడా పెట్రోల్ జనరేటర్ ఉండొచ్చు, అది అడగండి. 2010 తర్వాత అమెరికా ప్రమాణాలకు చేసిన లోపలి పెట్రోల్ ఇంజన్లకు కెటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది, ఆ రకం జనరేటర్లూ వచ్చాయి, పాతవాటికంటే ఎంతో నయం. అయితే కన్వర్టర్‌కు ముందే ఏ గాస్కెట్ దగ్గరో పొగ కారిపోతుంటే కన్వర్టర్ ఏం చేస్తుంది?

అదే బోటు మళ్లీ అద్దెకు తీసుకునే ఆలోచన ఉందన్నారు. డబ్బు కట్టేముందు అలారం గోడ నుంచి తీసి వెనక తేదీ చూడండి. జనరేటర్ పొగ ఎక్కడ బయటికొస్తుందో వేలు పెట్టి చూపించమనండి. వెనక పలక కింద అని చూపిస్తే ఇంకో బోటు చూసుకోండి.